రేవు తలుపు, వీధి తలుపు

"నీకిప్పుడు వేరే ఇల్లేటే, ఉన్నాది కదా!" అన్నాడు మా బావ, బకెట్ల దొంతర మీంచి చెయ్యి చాచి బనీను అందుకుంటూ.

నేనప్పుడు మంచం కిందికి సగం దూరి మగ్గులు బయటికి లాగుతున్నాను. ఆదివారం పొద్దున్న కొట్టుకి సరుకు అందించడం నా పని. బావంటే నా మొగుడు ఉపేంద్ర. మేనమామ కొడుకు గనక పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. విజయనగరం గంటస్తంభం దగ్గర మా అత్తవారికి ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. సాలూరు లారీలో వచ్చిన సరుకులో కొట్లో పట్టనిది మెట్లెక్కి పైకొస్తుంది, పైకొచ్చింది నేరుగా మా పడగ్గదిలోకి వస్తుంది. "పగలంతా నీ గది ఖాళీయే కదమ్మా, నువ్వు ఆఫీసులోనే ఉంటావు" అంది మా అత్త, పెళ్ళయిన కొత్తలో. నిజమే కదా అని తలూపాను. సాయంత్రానికి నేను ఇంటికొస్తానన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు, నాకు కూడా. అప్పట్నుంచీ బకెట్ల మధ్యే పడుకుంటున్నాను. మా రేఖ పుట్టినప్పుడు ఉయ్యాలకి చోటు లేక, ఉన్నవాటిలో పెద్ద బట్టల బుట్ట తీసి దాన్ని అందులో పడుకోబెట్టాం. చూడ్డానికొచ్చినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. వాళ్ళతో పాటు నేనూ ముచ్చటపడ్డాను. ఇప్పుడది హాస్టల్లో ఉంది. అక్కడ దాని గదిలో నలుగురున్నా ఇంటికంటే విశాలంగా ఉందని ఫోన్లో చెప్తుంది.

"ఉన్న ఇంట్లో నాకు చోటేది బావా?" అన్నాను మంచం కింద నుంచే.

"చోటేటి? అదిగో మంచం" అని బనీను తొడుక్కుని కిందికి వెళ్ళిపోయాడు.

మా బావ చెడ్డవాడు కాదు. తిట్టడు, కొట్టడు, తాగడు. ఆ మూడూ లేవన్న సంతోషంతోనే ఇన్నాళ్ళూ సంసారం నెట్టుకొచ్చాను. మంచివాడని నలుగురూ అంటుంటే ఇంకేం అడగాలో కూడా తెలిసేది కాదు. ఎచ్చెర్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో పరీక్షల విభాగంలో పని చేస్తాను. అక్కడా అంతే. నాతో పాటు అదే జీతానికి పనిచేసే మగవాళ్ళు ఆ గదినిండా ఉన్నారు. కాలేజీలో సభ జరిగితే మాత్రం గుమ్మానికి పూలు కట్టమని నన్నే పిలుస్తారు. "మీ చెయ్యి పడితే ఆ కళే వేరు మేడమ్" అంటారు. పూలు కట్టి, మార్కుల జాబితాలు సరిచూసి, రెండు బస్సులు మారి ఇంటికొస్తే, "ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని వస్తావు, నీకేటమ్మా" అంటూ మా అత్త చిక్కుడుకాయల పళ్ళెం నా ముందుకి తోస్తుంది. కాయలు ఈనెలు తీస్తూ నేను ఆలోచించేది ఒక్కటే. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ చాపితే, దేనికీ తగలకుండా ఉండాలి. అంతే. బంగారం గురించి కలలు కనే ఆడవాళ్ళుంటారు, నేను ఖాళీ నేల గురించి కనేదాన్ని.

అసలీ ఇంటి గొడవ మొదలుపెట్టింది నేను కాదు, మా పెదబావ రంగనాథం. ఆయన కొట్టు చూస్తూనే స్థలాల బేరాలు కూడా చేస్తుంటాడు. ఎయిర్‌పోర్టు వైపు సముద్రం ఒడ్డున ఎవరో 'సాగర వైభవం' అని విల్లాలు కడుతున్నారట. అందులో ఒకటి మనం కొనెయ్యాలి అన్నాడు. కొట్టు లెక్కలు చూసి బ్యాంకువాళ్ళు లోను ఇవ్వరు. నెలనెలా జీతం చీటీ ఉన్నది ఇంటి మొత్తానికి నా ఒక్కదానికే. అందుకని, "లోను అర్చన మీద తీద్దాం, ఇల్లు మన అన్నదమ్ముల మీద రాయించుకుందాం" అని భోజనాల దగ్గర తేల్చేశాడు. అర్చన అంటే నేనే. వడ్డిస్తున్నది కూడా నేనే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూశాడు, సాంబారు కోసం.

బావ నాతో 'వేరే ఇల్లేటే' అన్నదానికి ముందు ఆదివారం అందరం కలిసి ఆ విల్లా చూడ్డానికి వెళ్ళాం. సేల్స్ మేనేజరు పెదబావతో గోడల మందం గురించి మాట్లాడాడు, బావతో కారు షెడ్డు గురించి మాట్లాడాడు, నన్ను చూసి, "మేడమ్‌కి కిచెన్ చూపిస్తాను" అన్నాడు. "నాలుగు పొయ్యిలు మేడమ్, ఒకేసారి నాలుగు వంటలు చేసుకోవచ్చు!"

"వండే చేతులు రెండే కదండీ" అన్నాను. ఆయన నవ్వాడు. మా వాళ్ళెవరూ నవ్వలేదు.

పైకెక్కి బాల్కనీలో నిలబడితే కింద ఒక ఊరు కనిపించింది. మూడు వైపులా తెల్లటి విల్లాలు, నాలుగో వైపు సముద్రం, మధ్యలో నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల చిన్న చిన్న ఇళ్ళు, చివర్న బోట్లు ఆగే జెట్టీ. అదేమిటని అడిగాను. "అది పాతరేవు మేడమ్, చేపలు పట్టేవాళ్ళ ఊరు. వ్యూ కొంచెం పాడుచేస్తోంది. చెట్లు పెంచి కనబడకుండా చేస్తాం" అన్నాడు మేనేజరు. మరి వాళ్ళ ఇళ్ళు మీరు కొనలేదా అన్నాను. "అమ్మరండీ. వచ్చి కాపరం ఉండేవాళ్ళకి తప్ప ఎవరికీ అమ్మకూడదని ఊళ్ళో కట్టుబాటు. అందుకే అక్కడ ఇళ్ళకి ధరే లేదు" అని నిట్టూర్చాడు. ఆయన బాధపడుతూ చెప్పిన మాట విని నాకు ఒళ్ళంతా హుషారొచ్చింది. ఎందుకో నాకే తెలియలేదు. వాళ్ళు కారు షెడ్డు దగ్గర వాదించుకుంటుంటే, నేను మెట్లు దిగి, గేటు దాటి, ఆ ఊరి వీధిలోకి నడిచాను.

మా ఇంట్లో నీచు మాటే ఎత్తరు. కోడిగుడ్డుని కూడా 'అది' అంటారు. అందుకని వీధి మొదట్లోనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొంచెం దూరం పోయాక ఆ కొంగు ఎప్పుడు జారిందో గమనించనే లేదు. గమనించింది ఇళ్ళని. విల్లాలన్నీ మెడలు చాచి సముద్రాన్ని చూస్తుంటే, ఈ ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాయి. ఒక నీలం ఇంటి అరుగు మీద ఒకావిడ ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుంది.

"ఎవులమ్మా నువ్వు? ఆ మేడల కాడ నించి వొచ్చినావా?" అంది.

"ఊరికే చూద్దామని వచ్చాను."

"సూడు తల్లీ. సూత్తే డబ్బులడగం. ఎండన పడొచ్చినావు, కూకో" అని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. తాగి, ఈ ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టాయేమని అడిగాను.

"మొగోల్లు ఎల్లినప్పటి నించీ దాని మొకమే సూత్తారు. ఇంటికొచ్చినాక కూడా అదే ఎందుకు? ఉప్పుగాలి ఎనక నించి ఎనకే పోతాది. అటేపు ఉన్నాది సూడు, అది రేవు తలుపు. సేపలు అందులోంచి వస్తాయి, బేరగాల్లు ఆడికొస్తారు, అబద్దాలన్నీ ఆడే ఆడుకుంటాం. ఇది వీధి తలుపు. మనుసులు ఇటు నించి రావాల."

ఆవిడ పేరు లక్ష్మణమ్మ. ఆ ఇల్లు వాళ్ళమ్మది, ఆవిడ ఉండేది పక్క వీధిలో. దీన్ని అమ్మేసి కూతురి పేరున ఇంజను బోటు కొంటుందట. కూతురి పేరునా అన్నాను ఆశ్చర్యపడి.

"మరి? అల్లుడికి కొంటే అల్లుడిదవుతాది. కూతురికి కొంటే ఇద్దరిదీ అవుతాది" అంది నెత్తళ్ళు చెరుగుతూ.

ఇల్లు చూస్తానన్నాను. రెండు గదులు, ఒక వంటిల్లు, సిమెంటు గచ్చు. లోపల ఒక్క వస్తువు లేదు. పెద్ద గది మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపాను. ఏదీ తగల్లేదు. అలాగే గుండ్రంగా తిరిగాను, అయినా తగల్లేదు. కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోందని తెలిసినా ఆపుకోలేకపోయాను. "ఈ ఇల్లు నాకిస్తావా అమ్మా?" అని నా నోరు అడిగేసింది.

"నీకా, మీ ఆయనకా?"

"నాకే."

"ఉంటావా, తాళమేసి పోతావా?"

"ఉంటాను."

"నీచు తింటావా?"

"తినను. వాసన మాత్రం అలవాటు చేసుకుంటాను."

ఆవిడ పెద్దగా నవ్వింది. "మీ ఇంట్లో మాటాడుకుని రా. వొచ్చినప్పుడు ఇటేపు నించే రా" అంది.

ఇదంతా బావకి చెప్పడానికి నాకు వారం పట్టింది. చెప్తే వచ్చిన జవాబే 'నీకిప్పుడు వేరే ఇల్లేటే' అన్నది. మధ్యాహ్నం భోజనాల వేళకి సంగతి ఇల్లంతా పాకింది. "చేపలోళ్ళ మధ్య కాపరమా? శివశివా!" అని మా అత్త చెంపలు వేసుకుంది. పెదబావ మాత్రం కోప్పడలేదు. పసిపిల్లకి చెప్పినట్టు, "అలాక్కాదమ్మా, మనకి లోను ఒక్కసారే వస్తాది" అన్నాడు.

"మనకి కాదు పెదబావా, నాకొస్తుంది" అన్నాను.

గరిటె నా చేతిలోనే ఉంది. ఆ గరిటెతోనే ఆయనకి చారు పోశాను కూడా. ఆ పూట ఇంకెవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోయేసరికి ఒప్పుకున్నారేమో అనుకున్నాను, అంత తెలివైనదాన్ని నేను.

శనివారం కాలేజీ నుంచి ఒక పూట సెలవు పెట్టి, లక్ష్మణమ్మకి మాట చెప్పడానికి హైవే మీద బస్సు దిగి పాతరేవు వెళ్ళాను. వీధి తలుపు తెరిచే ఉంది. లోపల అడుగు పెట్టబోయి ఆగిపోయాను. వీధి తలుపుకి ఎదురుగా రేవు తలుపు కూడా బార్లా తెరిచి ఉంది, అవతల ఇసకలో మా పెదబావ కారు ఉంది. కారు పక్కన మా అత్త, మా బావ, పెదబావ, ఇంకా చేతిలో దిక్సూచి పట్టుకుని వాస్తు పంతులు. విల్లాల రోడ్డున వచ్చి, ఒడ్డు వెంట కారు తోలుకొచ్చి, రేవు తలుపే ఇంటికి ముఖద్వారం అనుకుని అక్కడ నిలబడ్డారు. నాకు చెప్పకుండా వచ్చారు. నేను గబుక్కున వీధి తలుపు పక్కకి తప్పుకున్నాను. వాళ్ళకి నేను కనిపించలేదు. అరుగు మీద కూర్చుండిపోయాను.

"తూర్పు సింహద్వారం! ఎదురుగా మహాజలం! ఇలాంటిది లక్షలు పోసినా దొరకదు రంగనాథం గారూ" అంటున్నాడు పంతులు.

"గుమ్మం ముందు ఈ ఎండబెట్టినవేటి నాయనా" అంటోంది మా అత్త ముక్కు మూసుకుని.

"అవన్నీ తీయించేద్దాంలే అమ్మా. ఊరుకో, విల్లా కంటే చవగ్గా వస్తోంది, సిటీవోళ్ళకి రోజుకింతని అద్దెకిచ్చుకుందాం" అన్నాడు పెదబావ. అంటూ జేబులోంచి డబ్బు కట్ట తీసి, గుమ్మానికి అవతల నుంచే, లోపల నిలబడ్డ లక్ష్మణమ్మ చేతిలో పెట్టాడు. "ఇది బయానా. ఇల్లు మా తమ్ముడి పేరున రాయాలి. ఇంకెవరొచ్చినా, మా మరదలొచ్చినా సరే, ఇవ్వకు. విన్నావా?"

నాకు గుచ్చుకున్నది ఆ మాట కాదు. ఆ మాట విని కూడా మా బావ తల వంచుకుని ఇసకలో చెప్పు కాలితో గీతలు గీస్తున్నాడు, అది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. నాకు కావలసిన ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాను కదా.

లక్ష్మణమ్మ డబ్బు రొంటిన దోపుకుంది. అటు తిరిగి ఎవరినో కేకేసింది. ఇద్దరు ఆడవాళ్ళు రెండు గోతాలు మోసుకొచ్చి, కారు డిక్కీ తీసి, అందులో దబ్బుమని పడేశారు.

"ఇవేటి?" అన్నాడు పెదబావ.

"నెత్తళ్ళు బాబూ. ఈ ఏడాదికి ఇంతకంటే మంచి సరుకు మా ఊళ్ళో లేదు."

"నేను ఇల్లడిగితే నెత్తళ్ళేటి!"

"రేవు తలుపు కాడ డబ్బులిస్తే సేపలే ఇస్తాం. మా అమ్మమ్మ నాటి నించీ అంతే. ఈడ ఆడిన మాట సేపల బేరం మాట, పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. ఇల్లు కావాలంటే మనిసి వీధి తలుపు కాడికొచ్చి, అరుగు మీద కూకుని, మా సేతి మంచినీళ్ళు తాగి అడగాల. అలాగ అడిగినామె ఒకర్తుంది. అదిగో, కూకునే ఉన్నాది."

అందరూ ఒక్కసారి ఇంట్లోంచి ఇటు చూశారు. నేను లేచి నిలబడ్డాను. మా అత్త ముక్కు మీద కొంగు తీసేసింది. మా బావ కాలు గీతల మీదే ఆగిపోయింది. లక్ష్మణమ్మ ఇల్లు దాటుకుని నా దగ్గరికి వచ్చి, వీధి తలుపు పక్కన నిలబడి, "ఇప్పుడు సెప్పమ్మా" అంది.

"నాకు ఈ ఇల్లు కావాలి. నా పేరున కావాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, సముద్రం హోరులో కూడా.

"ఇచ్చేసినాను" అంది లక్ష్మణమ్మ.

"మరి నా డబ్బులు?" అని అరిచాడు పెదబావ ఇసకలోంచి.

"సేపలు ఎనక్కి తీసుకోం బాబూ" అంది ఆవిడ తిరిగి చూడకుండానే. గోతాలు మోసిన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వాస్తు పంతులు దిక్సూచి జేబులో పెట్టుకున్నాడు. మా బావ నోరు కూడా నవ్వుకి విచ్చుకుంది, అన్న చూపు తగిలి వెంటనే మూసుకుంది గానీ, నేను చూశాను.

నేను బస్సులో వచ్చాను. వాళ్ళు గోతాలతో కారులో వచ్చారు. నిష్ఠగా బతికిన ఇల్లు, గంటస్తంభం సెంటరు దాకా నెత్తళ్ళ వాసన మోసుకొచ్చింది. పెదబావ వాటిని కొట్లో కూలీలకి పంచిపెట్టాడు. వాళ్ళు చేతులెత్తి దండం పెట్టి, ఇంకెప్పుడు తెస్తారు బాబూ అని అడిగారట. మా అత్త ఆ సాయంత్రం తలంటు పోసుకుంది, మర్నాడు మళ్ళీ పోసుకుంది. ఇంట్లో నాతో మాటలు లేవు. మాటలు లేకపోయినా వంట ఉంది, గిన్నెలున్నాయి, ఆదివారం మగ్గులున్నాయి. ఈసారి మగ్గుల దగ్గరికి మాత్రం నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదా అని బావ అడిగాడు. చాలా బాగుందని చెప్పాను.

ఒకరోజు వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. "ఆ ఇంట్లో గాలొస్తాదా?" అంది.

"వస్తుంది అత్తా. రేవు తలుపు తీస్తే చాలు."

"రాత్రి కూడానా?"

"రాత్రి కూడా."

ఆవిడ ఒక బెండకాయ తీసుకుని తొడిమ తుంచింది. "మా కాలంలో ప్లాస్టిక్ ఎక్కడిదే. మీ మావ లాంతర్లు అమ్మీవోరు. గాజు చిమ్నీలన్నీ నా మంచం చుట్టూ పేర్చీవోరు. పగిలిపోతాయని పక్కకి తిరగనిచ్చీవోరు కాదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా అలాగే, కొయ్యలాగ పడుకున్నాను" అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి నన్ను బకెట్ల మధ్య పడుకోబెట్టిందని లోపల్లోపల తిట్టుకున్నాను. పగలని వస్తువుల మధ్య పడుకుంటున్నానని నన్ను చూసి అసూయపడిందేమో, ఎవరికి తెలుసు!

"పాలు పొంగించడానికి నన్ను పిలుస్తావా, లేదా?" అంది.

నేను తరిగిన బెండకాయలన్నీ కిందపోసేసి ఆవిడని కావిలించుకున్నాను. "జిగురే, చేతులు జిగురు!" అని ఆవిడ విదిలించుకుంటూనే ఏడ్చింది.

నా జీతం చీటీ మీద నాకే లోను వచ్చింది. రిజిస్ట్రేషను ఆఫీసులో, "మీవారు రాలేదా అమ్మా?" అని అడిగారు. ఆయన కొట్లో ఉన్నారని చెప్పి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. నా పేరు అన్నిసార్లు రాస్తే, ఎప్పటినుంచో రాస్తున్న పేరే అయినా, మొదటిసారి అందంగా అనిపించింది. గృహప్రవేశం రోజు మా అత్త ముక్కుకి కొంగు చుట్టుకుని వీధి తలుపులోంచే వచ్చింది. పాలు పొంగించేటప్పుడు కొంగు తీసింది. ఎండ చల్లబడేసరికి ఆవిడా లక్ష్మణమ్మా అరుగు మీద కూర్చుని, పోయిన తమ తమ మొగుళ్ళ గురించి అన్ని చాడీలూ చెప్పుకుని నవ్వుకున్నారు. బావ రాలేదు. "కొట్టెవరు చూస్తారు?" అన్నాడు.

ఆ ముందు రోజు బట్టలు సర్దుకుంటూ బావకి చెప్పేశాను. "నేనక్కడే ఉంటాను బావా. కాలేజీకి దగ్గర. నీకు రావాలనిపిస్తే రా. సరుకు మాత్రం తేకు." బావ మంచం మీద కూర్చుని, బకెట్ల వైపు చూశాడు, నా పెట్టె వైపు చూశాడు. ఆ గదిలో నాకంటూ ఉన్నది ఒక పెట్టెకి మించలేదని అప్పుడే గమనించినట్టుంది. లేచి పెట్టె కింది దాకా మోశాడు.

ఈ ఇంట్లో నా సంతోషం గురించి ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేస్తుంది, అంత చిన్న చిన్న విషయాలు. పొద్దున్న బోట్ల ఇంజన్ల చప్పుడికి మెలకువొస్తుంది. లేవను. గచ్చు మీద చాప వేసుకుని, చేతులు రెండూ చాపుకుని, అలాగే ఉంటాను. ఒక్కోరోజు తిన్న పళ్ళెం కడక్కుండా సాయంత్రం దాకా అలాగే వదిలేస్తాను. దాని వైపు చూస్తూ కాఫీ తాగుతాను. నాకు బాగా ఇష్టమై, ఇంట్లో ఎవరికీ పడదని మానేసిన కాకరకాయ వేపుడు వరసగా వారమంతా చేసుకున్నాను. కాలేజీలో పూలు కట్టమని పిలిస్తే, "ఈసారి మా విభాగం ప్రసాద్ గారు కడతారు, నేను ఆయన పక్కన నిలబడి కళ చూస్తాను" అన్నాను. ఆయన కట్టాడు, వంకరగానే కట్టాడు, ఎవరూ చచ్చిపోలేదు. మొన్నొకరోజు విల్లాల నుంచి ఒకావిడ నడకకొచ్చి, అరుగు ఊడుస్తున్న నన్ను చూసి, "మా ఇంట్లో వంటకి వస్తావా?" అని అడిగింది. "మా ఇంట్లోనే సరిగ్గా చెయ్యడం లేదండీ" అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. లక్ష్మణమ్మ కూతురు కొత్త బోటుకి పసుపు రాయించి, కొబ్బరికాయ నా చేత కొట్టించింది.

బావ వస్తాడని ఎదురుచూడలేదంటే అబద్ధం. ఇల్లు నాదైతే చాలనుకున్నదాన్ని, మనిషి కూడా కావాలనిపించేది అప్పుడప్పుడు. అయినా ఫోన్ చేసి రమ్మనలేదు. రమ్మంటే వస్తాడు, ఏ పనైనా ఎవరో ఒకరు చెప్తేనే చేశాడు ఇన్నాళ్ళూ.

నిన్న మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఎండబెడుతున్నాను. వీధి చివర్నుంచి బావ నడిచొస్తున్నాడు. కారు లేదు, బస్సులో వచ్చినట్టున్నాడు. చొక్కా చెమటకి తడిసింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. వీధి తలుపు ముందు ఆగి, లోపలికి రావడానికి నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

"ఈ ఊళ్ళో నన్నెవరూ ఎరగరే" అన్నాడు.

"మరెలాగొచ్చావు?"

"బస్సు దిగి, విజయనగరం ప్లాస్టిక్ కొట్టు ఉపేంద్ర వాళ్ళిల్లెక్కడని అడిగాను. అలాంటోడు ఇక్కడ లేడన్నారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ లేడన్నారు. ఆఖరికి నీ పేరు చెప్పాను." చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "చేపల తట్ట నెత్తిన పెట్టుకున్నావిడ ఎవరో ఆగి, నన్ను కింద నించి పైదాకా చూసి, 'మా అర్చనమ్మ మొగుడివా?' అని అడిగింది."

నేను అరుగు మీంచి లేవలేదు. "నువ్వేటన్నావు?"

బావ వంగి, చెప్పులు విప్పి, వీధి తలుపు పక్కన ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టాడు.

"ఔనన్నాను" అన్నాడు.